భూదేవంత ఓర్పు ఎవరి కోసం?

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ దిగువన, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం నడక మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి మళ్ళీ అక్కడికే చేరేసరికి 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పులు లేకుండానే నడుస్తారు. గిరి ప్రదక్షిణకు వచ్చే లక్షల మందిలో ఆడవాళ్ళకు లెక్కలేదు. చంటిబిడ్డను చంకనేసుకున్న తల్లి, మోకాళ్ళకు తైలం రాసుకుని బయల్దేరిన బామ్మ, పరీక్ష గట్టెక్కితే నడుస్తానని మొక్కుకున్న కాలేజీ అమ్మాయి, అందరూ ఆ గుంపులోనే ఉంటారు. వీళ్ళను ఎవరూ డాక్టరు సర్టిఫికెట్ అడగరు. దారిపొడవునా మజ్జిగ, పులిహోర చేతిలో పెట్టి మరీ సాగనంపుతారు.

అదే ఇల్లాలు మరో వారానికి బూట్లు కట్టుకుని తెల్లవారుజామున బీచ్ రోడ్డులో పది కిలోమీటర్ల పరుగుకు బయల్దేరిందనుకోండి. మోకాళ్ళు అరిగిపోతాయని ఒకరు, పిల్లాడు పాలకు ఏడుస్తాడని ఒకరు, ఈ వయసులో ఎందుకమ్మా ఈ సోకులని ఇంకొకరు. మొన్న పులిహోర పెట్టిన చేతులే ఇవాళ ముక్కున వేలేసుకుంటాయి.

ఒళ్ళు అదే. దూరం మూడోవంతు కూడా లేదు. సందేహం ఎక్కడినుంచి వచ్చినట్టు? ఆడదాని ఓర్పును మన సంప్రదాయం ఏనాడూ శంకించలేదు. భూదేవంత ఓర్పు అన్న మెప్పు పెళ్ళిపందిట్లో మొదలై కాటి దాకా వెంట వస్తుంది. శంక పుట్టేదల్లా ఆ ఓర్పు ఫలం ఎవరికి దక్కుతుందన్న దగ్గర. మొక్కు నడకలో ఫలం మొగుడికో, బిడ్డకో, ఇంటికో చెందుతుంది. పరుగులో అది పరుగెత్తే మనిషి దగ్గరే ఆగిపోతుంది. క్రీడల పేజీలో తేలే విషయం కాదిది, ధర్మశాస్త్రాల దాకా వెళ్ళే వ్యవహారం.

నోముల పుస్తకం ఏది తిరగేసినా చివర ఫలశ్రుతి ఉంటుంది. ఎన్నాళ్ళు ఏకభుక్తం చేస్తే ఏ ఫలమో, ఆ ఫలం ఎవరికో అందులో రాసే ఉంటుంది. అట్లతద్దినాడు పెళ్ళికాని పిల్లలు పగలంతా పస్తుండేది మంచి మొగుడి కోసం. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. మెట్టు మెట్టుకూ వంగి పసుపూ కుంకుమా అద్దుతూ ఎక్కే ఆడవాళ్ళు ఏ రోజు వెళ్ళినా కనబడతారు. ఇన్ని వంగడాలు, ఇన్ని లేవడాలు ఏ కోచ్ అయినా శిష్యురాలికి చెప్పాలంటే రెండుసార్లు ఆలోచిస్తాడు. సావిత్రి కథ తెలియనివారు లేరు. మహాభారతం ప్రకారం ఆమె మూడు రాత్రులు ఉపవాస వ్రతం చేసి, ఆ వెంటనే భర్తతో అడవికి వెళ్ళి, అక్కడినుంచి యముడి వెనకాల నడిచింది. వెళ్ళిపొమ్మన్నా వెళ్ళలేదు. మన పురాణాల్లో సుదూర నడకకు ఎవరికైనా పతకం ఇవ్వాలంటే ఆమెకే ఇవ్వాలి. కానీ ఆమె అడిగిన వరాలు చూడండి: మామగారికి చూపు, ఆయన రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు, తనకు సంతానం, భర్త ప్రాణం. కాళ్ళనొప్పి ఆమెది, వరాలు వంశానివి.

ఈ లెక్కకు లొంగని వాళ్ళూ ఉన్నారు. 12వ శతాబ్దంలో కన్నడసీమ నుంచి అక్క మహాదేవి రాజభవనాన్ని వదిలి కల్యాణానికి, అక్కడినుంచి శ్రీశైలం అడవికి నడిచి వచ్చింది. ఎవరి ఆయుష్షు కోసమూ కాదు, తనకు కావలసిన మల్లికార్జునుడి కోసం. 18వ శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ బాలవితంతువు. తల గొరిగించుకోనని ఎదురు నిలిచి, తిరుమల చేరి, తుంబురు కోనలో ఏళ్ళ తరబడి తపస్సు చేసిందని చెబుతారు. ఇద్దరూ ఇవాళ పూజలందుకుంటున్నారు. బతికి ఉన్నప్పుడు ఇద్దరికీ ఊరు పెట్టిన పేర్లు వేరు. గడప దాటిన ఆడదాని ఓర్పును లోకం మెచ్చుకోవాలంటే అందులో దేవుడైనా కనబడాలి, లేదా రెండు వందల ఏళ్ళయినా గడవాలి.

ఇది మన దేశపు జబ్బేనని అనుకోవడానికి వీల్లేదు. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు స్తమతా రెవితీ అనే నిరుపేద తల్లి మారథాన్ ఊరికి చేరింది. ఏడాదిన్నర బిడ్డ తల్లి ఆమె. పోటీలో తననూ పరుగెత్తనివ్వమంది. నిర్వాహకులు కుదరదన్నారు. పోటీ ఉదయం అక్కడి చర్చిలో క్రీడాకారుల కోసం ప్రార్థన చేసిన ముసలి పూజారి కూడా, గుర్తింపు లేని క్రీడాకారిణికి దీవెన ఇవ్వలేనన్నాడట. మగవాళ్ళ పోటీ ముగిసిన మర్నాడు ఆమె ఒంటరిగా అదే దారిలో పరుగెత్తి దాదాపు ఐదున్నర గంటల్లో ఏథెన్స్ చేరింది. స్టేడియం లోపలికి మాత్రం రానివ్వలేదు. బయల్దేరిన వేళకూ చేరిన వేళకూ సాక్షుల చేత సంతకాలు పెట్టించుకుంది. తన మాట ఎవరూ నమ్మరని ఆమెకు ముందే తెలుసు కాబోలు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ కథ ఇంకా విచిత్రం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 800 మీటర్ల పరుగు పెట్టడం అదే మొదలు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ అమ్మాయి హితోమి కినూయే రెండో స్థానంలో నిలిచింది. ఫైనల్‌లో పరుగెత్తింది తొమ్మిది మంది, గీత దాటింది తొమ్మిది మంది. మర్నాటి పత్రికల్లో మాత్రం సగం మంది సొమ్మసిల్లి పడిపోయారు! పరుగు ముగించి ఆయాసపడటం మగవాడిలో వీరత్వం, ఆడదానిలో వైద్యశాస్త్ర సమస్య. ఆ సాకుతో ఒలింపిక్స్‌లో స్త్రీల 800 మీటర్ల పరుగును 1960 రోమ్ దాకా తొక్కిపెట్టారు. ముప్పై రెండేళ్ళు. ఒక అమ్మాయి ఎదిగి, తల్లయి, ఆమె కూతురు పరుగు మొదలుపెట్టేంత కాలం.

1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెడితే, అంత దూరం పరుగెత్తే శక్తి స్త్రీ శరీరానికి లేదని జవాబు వచ్చింది. ఆమె మొదలు గీత దగ్గర పొదల్లో నక్కి, పోటీ మొదలయ్యాక గుంపులో కలిసిపోయి, 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది. మగవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఆమె వెనకే ఉండిపోయారు. మరుసటి ఏడు పొడి అక్షరాల పేరుతో 261 నంబరు సంపాదించిన కేథరిన్ స్విట్జర్‌ను దారి మధ్యలో ఒక నిర్వాహకుడు పట్టుకుని నంబరు చింపబోయిన ఫోటో లోకమంతా చూసింది. గర్భసంచి జారిపోతుందని ఆ రోజుల్లో తమను భయపెట్టేవారని స్విట్జర్ తరువాత చెప్పుకున్నారు. 1972లో బోస్టన్ తలుపులు తెరిచింది, 1984లో ఒలింపిక్స్ తెరిచాయి. ఆ లాస్ ఏంజెలెస్ పోటీలో జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిస్తే, 39 ఏళ్ళ గాబ్రియేలా ఆండర్సన్-షీస్ ఎండదెబ్బకు తూలిపోతూ స్టేడియంలోని చివరి చుట్టుకే ఐదు నిమిషాల పైన తీసుకుని 37వ స్థానంలో ముగించింది. అచ్చం 1928 పత్రికలు కల్పించిన దృశ్యమే ఈసారి టీవీలో నిజంగా జరిగింది. కానీ ఆడవాళ్ళ మారథాన్‌ను ఎవరూ రద్దు చేయలేదు. ఈ యాభై ఆరేళ్ళలో వైద్యం ఎంత మారిందో గానీ, చూసే కన్ను మాత్రం బాగా మారింది.

మతం వైపు ఈ మార్పు నిదానంగా వచ్చింది. కొన్నిచోట్ల రానేలేదు. జపాన్‌లోని హియీ కొండ మీద తెందాయ్ బౌద్ధ సన్యాసులు కైహోగ్యో అనే దీక్ష పడతారు. ఏడేళ్ళలో వెయ్యి రోజులు కొండ దారుల వెంట రోజుకు సుమారు 30 కిలోమీటర్లు, చివరి దశలో 84 కిలోమీటర్ల దాకా నడవాలి. నడుమ తొమ్మిది రోజులు తిండి, నీళ్ళు, నిద్ర లేకుండా ప్రార్థన. ప్రపంచంలో ఏ అల్ట్రా పోటీ కూడా దీని ముందు నిలవదు. ఇలాంటి కొండల మీద ఆడవాళ్ళు అడుగు పెట్టడానికి లేదన్న కట్టడిని 1872లో మెయిజీ ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఎత్తేసింది. అయినా వెయ్యి రోజుల దీక్ష ముగించిన వాళ్ళంతా పురుషులే. నారా ప్రాంతంలోని ఓమినే కొండ శిఖరం దారిలో స్త్రీలకు ప్రవేశం లేదన్న బోర్డు ఈ కాలంలోనూ ఉంది.

మన దగ్గర శబరిమల. తెలుగువాళ్ళకు పరాయి సంగతేమీ కాదు, కార్తీకం వస్తే వీధికో నల్లబట్టల మాలధారి కనబడతాడు. 41 రోజుల దీక్ష, నేలమీద పడక, చన్నీళ్ళ స్నానం, ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండదారి. పది నుంచి యాభై ఏళ్ళ మధ్య స్త్రీలకు అక్కడ ప్రవేశం లేదన్న ఆచారాన్ని 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు 4-1 తేడాతో కొట్టేసింది. అయ్యప్ప నైష్ఠిక బ్రహ్మచారి అన్న వాదన అందరికీ గుర్తుంది. దానితోపాటు ఇంకో వాదన కూడా కోర్టుకు వచ్చింది: నెలసరి కారణంగా స్త్రీ 41 రోజుల దీక్షను నిలబెట్టుకోలేదని. అలా అనడం స్త్రీని ఒక మూసలో బిగించడమేనని జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో తోసిపుచ్చారు. విభేదించిన ఒక్క న్యాయమూర్తి జస్టిస్ ఇందు మల్హోత్రా, ఆ ధర్మాసనంలోని ఏకైక మహిళ. లోతైన మత విశ్వాసాల్లోకి కోర్టులు హేతువును చొప్పించకూడదన్నది ఆమె మాట. యాభై దాటేదాకా ఆగుతామని బోర్డులు పట్టుకున్న భక్తురాళ్ళూ వేలల్లో ఉన్నారు. వాళ్ళను అమాయకులని తీసిపారేయడం అహంకారమే అవుతుంది. ఎదురుచూపూ ఒక దీక్షే. 2019 నవంబరులో ఈ వివాదంలోని పెద్ద ప్రశ్నలు విస్తృత ధర్మాసనానికి వెళ్ళాయి.

దేవుడి స్వభావం గురించిన వాదనను భక్తులే తేల్చుకోవాలి. కానీ 41 రోజులు నిలవలేదన్న వాదన దేవుడి గురించినది కాదు, ఆడదాని ఒంటి గురించినది. ఆ వాదన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓడిపోయింది, బోస్టన్‌లో ఓడిపోయింది.

అలాగని స్త్రీ శరీరానికి దశలు లేవని, మగవాడితో సమానంగా ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందని చెప్పడం ఇంకో రకం అబద్ధం. నెలసరి ఉంది, గర్భం ఉంది, పాలివ్వడం ఉంది, మెనోపాజ్ ఉంది. వీటిని గుర్తించడానికి రెండు దారులున్నాయి. ఇస్లాంలో రంజాన్ ఉపవాసం సంగతే చూడండి. నెలసరి రోజుల్లో స్త్రీ ఉపవాసం ఉండదు. ఆ రోజులను తరువాత ఎప్పుడైనా పూర్తి చేసుకుంటుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సడలింపు ఉంది. బాటసారులకూ రోగులకూ కూడా ఇలాంటిదే. ఒంటి తీరును బట్టి రోజు వాయిదా పడుతుంది తప్ప, ఆ నెల మీద ఆమె హక్కు రద్దు కాదు. (ముస్లిం సమాజంలో స్త్రీల క్రీడలకు వేరే చిక్కులు బోలెడున్నాయి. ఈ నియమం వరకు మాత్రం తర్కం సూటిగా ఉంది.) మినహాయింపు మనిషికి చోటు ఉంచి, ఇప్పుడు కాకపోతే తరువాత రమ్మంటుంది. నిషేధం ఆ చోటే తీసేస్తుంది.

క్రీడల నిర్వాహకులకు ఈ తేడా అర్థం కావడానికి 2018 దాకా పట్టింది. ఆల్ప్స్‌లోని మోంట్ బ్లాంక్ చుట్టూ 170 కిలోమీటర్లకు పైగా సాగే యూటీఎంబీ పరుగులో చోటు దొరకడమే గగనం. అప్పట్లో గాయమైతే చోటును మరుసటి ఏటికి మార్చుకోవచ్చు, గర్భం వస్తే కుదిరేది కాదు. బ్రిటన్‌కు చెందిన సోఫీ పవర్ ఒకసారి అలా చోటు పోగొట్టుకుంది. రెండోసారి వదులుకోవడం ఇష్టం లేక మూడు నెలల పసివాడితో వచ్చింది. కూర్మయూర్ మజిలీలో ఒక పక్క పోటీదారుడు నడుం వాల్చి ఉంటే, ఈమె బిడ్డకు పాలిస్తూ, ఇంకోవైపు పంపుతో పాలు తీస్తున్న ఫోటో లోకమంతా తిరిగింది. కొందరు ఆమెను వీరమాత అన్నారు, కొందరు బాధ్యత లేని తల్లి అన్నారు. అంత పచ్చి బాలింత అక్కడ ఉండాల్సిన అవసరం ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళు తక్కువ. ఆ నియమం లేకపోతే ఆమె హాయిగా మరో ఏడు వచ్చేది. ఆ తరువాత యూటీఎంబీ గర్భిణులకు చోటు వాయిదా వేసుకునే వీలు కల్పించింది.

ఇక ఆ దశల్లో మొదటి మెట్టు దగ్గరికి. ఆడపిల్ల పెద్దమనిషి అవడాన్ని తెలుగిళ్ళలో వేడుక చేస్తారు. చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు, ఓణీలు కడతారు, ఫ్లెక్సీలు కూడా కడుతున్నారు. చాలా ఇళ్ళలో ఆ మరుసటి నెల నుంచే మైదానానికి వెళ్ళడం ఆగిపోతుంది. తల్లి కావడానికి ఒళ్ళు సిద్ధమైందని సంబరం, పరుగెత్తడానికి పనికిరాదని తీర్మానం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు ఇంకా పద్నాలుగు నిండలేదు. ఆ వయసు ఒళ్ళు ఏమి చేయగలదో తెలియడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. అయితే దమ్ము నిలవాలంటే నెత్తురులో ఇనుము ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నెలనెలా పోయే రక్తానికి సరిపడా తిండి ఆ కంచంలోకి రావడం లేదు. అందరూ తిన్నాక మిగిలింది తినడం సుగుణమైన చోట దీన్ని వైద్య సమస్య అని మాత్రమే అంటే సరిపోదు.

పస్తు దగ్గరే ధర్మమూ క్రీడా ఒకదానికొకటి ప్రమాదకరంగా దగ్గరవుతాయి. 2016 అక్టోబరులో సికింద్రాబాద్‌లో 13 ఏళ్ళ జైన బాలిక 68 రోజుల ఉపవాసం ముగించాక చనిపోయింది. అంతకుముందు ఆమె దీక్షను ఊరేగింపులతో వేడుక చేసుకున్నారు. తరువాత తల్లిదండ్రుల మీద పోలీసు కేసు నమోదైంది. ఆ అమ్మాయే ఇష్టపడి చేసిందని పెద్దలన్నారు. అంతకు కొన్నేళ్ళ ముందు అమెరికాలో మేరీ కెయిన్ పరుగులో ఆశాకిరణం. 2013లో, 17వ ఏట పేరున్న శిక్షణ బృందంలో చేరింది. బరువు తగ్గు, ఇంకా తగ్గు అన్న ఒత్తిడిలో మూడేళ్ళు తనకు నెలసరి ఆగిపోయిందని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో ఆమె బయటపెట్టింది. ఖర్చయ్యే శక్తికి తగిన తిండి లేకపోతే ఒళ్ళు ముందు నెలసరిని ఆపేస్తుంది, ఆ తరువాత ఎముకల బలాన్ని తీసుకుంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నెలసరి ఆగితే సాధన బాగా సాగుతున్నట్టేనని నమ్మిన కోచ్‌లు అంతకుముందు ఎందరో. చిక్కిపోయిన ఒంట్లో పవిత్రతను చూసే కన్నూ, చిక్కిపోయిన ఒంట్లో పతకాన్ని చూసే కన్నూ అక్కాచెల్లెళ్ళే.

తపస్సు పేరుతో ఒంటిని హింసించడం గురించి మన గ్రంథాలు మౌనంగా ఏమీ లేవు. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో దేహాన్ని కృశింపజేసేవారిని భగవద్గీత 17వ అధ్యాయం నిందిస్తుంది, అలాంటి తపస్సును తామసమంటుంది. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని 6వ అధ్యాయంలోనే ఉంది. ఆరేళ్ళు ఎండిపోయిన గౌతముడు ఆ దారి తప్పని గ్రహించి పాయసం తిన్నాడు; అది వండి పెట్టింది సుజాత. కథ అక్కడ ఆమెను వదిలేసి బోధివృక్షం కిందికి వెళ్ళిపోతుంది. ఆ పూట సుజాత ఏం తిన్నదో ఎవరూ రాయలేదు.

తల్లయ్యాక పరుగు అయిపోయినట్టేనన్న నమ్మకం ఇప్పుడు ఎవరు చెప్పినా నవ్వు తెప్పిస్తుంది. కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగోన్ 2016లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచి, 2018లో కూతురిని కని, టోక్యోలో, పారిస్‌లో మళ్ళీ అదే స్వర్ణం గెలిచింది. స్కాట్లాండ్‌లో ఉండే పశువైద్యురాలు జాస్మిన్ పారిస్ 2019 జనవరి చలిలో 431 కిలోమీటర్ల స్పైన్ రేస్‌ను 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, ఆడా మగా అందరిలోనూ మొదట నిలిచింది. ఆమెకు ఇంట్లో పద్నాలుగు నెలల పాప. మజిలీల దగ్గర మిగతావాళ్ళు కునుకు తీస్తుంటే ఈమె పాలు పిండుకుంది. 2024లో బార్క్‌లీ మారథాన్స్ అనే సుదూర పరుగును పూర్తి చేసిన తొలి స్త్రీ అయింది. 60 గంటల గడువులో 99 సెకన్లు మిగిలాయి. ఇలాంటివి చదివి సామాన్య తల్లులు తమను తాము నిందించుకోవడం మాత్రం తగదు. కాన్పు తరువాత కటి కండరాలు బిగుసుకోవడానికి, నిద్ర కుదుటపడటానికి నెలలు పడుతుంది. మన పెద్దవాళ్ళ బాలింత పథ్యంలో ఛాందసం ఎంత ఉన్నా, విశ్రాంతి అవసరమన్న ఎరుక అందులో ఉంది. మూడో నెలలో పరుగెత్తాలా, పదో నెలలోనా, అసలు వద్దా అన్నది బాలింత ఒళ్ళు, ఆమె మనసు కలిసి తేల్చుకోవాల్సిన విషయం. అత్తగారూ స్పాన్సరూ ఇద్దరూ ఇందులో పరాయివాళ్ళే.

ఒళ్ళు సహకరించినా పొద్దు సహకరించాలి. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించేవారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. మారథాన్‌కు సిద్ధం కావాలంటే వారానికి ఆరేడు గంటలు కావాలి. ఆ గంటలు ఎవరి నిద్రలోంచి వస్తాయి? ఉదయం ఐదింటికి పరుగుకు వెళ్ళే భర్తకు తిరిగొచ్చేసరికి ఇడ్లీ సిద్ధంగా ఉంటుంది. ఐదింటికి వెళ్ళాలంటే భార్య నాలుగింటికి లేచి వంట మొదలుపెట్టాలి. నాలుగు ఆశ్రమాలను రాసిన స్మృతికారులకు ఇల్లాలి రోజులో గంటల లెక్క పట్టలేదు. వానప్రస్థం మగవాడి మజిలీ. భార్యను వెంట తీసుకెళ్ళవచ్చు, లేదా కొడుకులకు అప్పగించి వెళ్ళవచ్చు అని మనుస్మృతి ఆయనకే ఎంపిక ఇచ్చింది. బాల్యంలో తండ్రి, యవ్వనంలో భర్త, ముసలితనంలో కొడుకు కాపాడాలన్న లెక్కలో ఆమెకు తనదంటూ ఒక దశ ఎప్పుడూ రాదు.

ఆ రాని దశను కొందరు తామే కల్పించుకుంటున్నారు. జపాన్‌లో వ్యాయామ ఉపాధ్యాయురాలు మారికో యుగేతా కుర్రతనంలో మూడు గంటల లోపు మారథాన్ ముగించాలని కలగంది, కుదరలేదు. నలుగురు పిల్లల్ని పెంచాక 58వ ఏట ఆ కల తీర్చుకుంది. 2019లో, అరవై దాటిన స్త్రీలలో మూడు గంటల గీతను దాటిన మొదటి వ్యక్తి అయింది. 2021లో దాన్ని 2 గంటల 52 నిమిషాలకు తెచ్చింది. తూర్పుగోదావరి మూలాలున్న గోలి శ్యామల నడివయసులో ఈతకు దిగి, యాభైకి చేరువలో 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధిని ఈదింది. సుమారు 30 కిలోమీటర్లు, పదమూడు గంటల పైన నీళ్ళలోనే. యాభై దాటాక 2025 జనవరి మొదటి వారానికి విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు రోజుకు కొంత చొప్పున ఈది ముగించింది. మెనోపాజ్ తరువాత ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు పలచబడతాయి, నిద్ర చెదురుతుంది, కండ త్వరగా కరుగుతుంది. ఇవన్నీ నిజమే. బరువులెత్తడం, తగినంత తినడం, కోలుకోవడానికి ఎక్కువ రోజులు ఇవ్వడం దీనికి మందు. ఇక నీ పని అయిపోయిందన్నది మాత్రం ఏ వైద్యగ్రంథమూ చెప్పదు.

ఇంతా విన్న ఒక భక్తురాలు గట్టి ప్రశ్నే వేయగలదు. నడకలో శరణాగతి ఉంది, పరుగులో ఉన్నది నేను, నా టైము, నా పతకం కాదా? నిజమే. మెడలో పతకంతో సెల్ఫీ దిగందే మారథాన్ పూర్తయినట్టు లెక్కలేని రోజులివి. కానీ నోము ఉద్యాపనలో ఎన్ని వాయనాలిచ్చామో, ఎవరెవరు వచ్చారో చెప్పుకోవడం ఏ శరణాగతి? ఫలం ఆశించకుండా కర్మ చేయమన్న గీత మాటను ఒరపెట్టి చూస్తే, మొగుడి ఆయుష్షు కోరి చేసే వ్రతం కామ్యకర్మ. గెలిచే ఆశ లేదని తెలిసి, చివరి వందలో ఒకరిగా గీత దాటడానికి అరవయ్యేళ్ళ ఆవిడ వారానికి నాలుగు రోజులు చేసే సాధనకు ఏ పేరు పెట్టాలో పండితులు చెప్పాలి.

ఈ రెండు దారులూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం ఒకటుంది. అమెరికాలో 1930లో పుట్టిన మడోనా బ్యూడర్ 23వ ఏట కాన్వెంట్‌లో చేరి సన్యాసిని అయ్యారు. 48వ ఏట, పరుగు మనసునూ ఒంటినీ ఆత్మనూ ఒక్కతాటి మీదికి తెస్తుందని ఒక ఫాదర్ చెబితే ప్రయత్నించి చూశారు. 55వ ఏట మొదటి ఐరన్‌మన్: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్, అన్నీ 17 గంటల్లో. పరుగు తనకు ప్రార్థనేనని ఆమె చెబుతూ వచ్చారు. చర్చి ఆమెను ఆపలేదు. గడియారం మాత్రం ఎవరికీ ఇవ్వని వెసులుబాటు ఆమెకూ ఇవ్వలేదు. వయసు పెరిగే కొద్దీ ఆమెను చేర్చడానికి పోటీల్లో ఆ వయసు స్త్రీల విభాగం లేకపోయేసరికి, నిర్వాహకులు ఆమె కోసమే కొత్త విభాగాలు తెరుస్తూ పోవాల్సి వచ్చింది. 2012 ఆగస్టులో ఐరన్‌మన్ కెనడాలో 82 ఏళ్ళ వయసులో ఆమె గడువుకు సుమారు అరగంట ముందు గీత దాటారు. ఎనభై దాటిన స్త్రీలలో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు కనుక, ఆ విభాగంలో మొదటి స్థానమూ చివరి స్థానమూ ఆమెవే.